సగం తిరిగిన ఇల్లు

ఆ ఉదయానికి ఫెలీసా వేసుకున్న పథకం చాలా చిన్నది. ఐదింటికి లేవాలి. మొక్కజొన్న గింజలు మాడ్చి కాచిన కాఫీ తాగాలి. అన్నయ్య చేత ఒక కాయితం మీద సంతకం పెట్టించుకోవాలి. ఎనిమిదింటికి నార్సింగ్ పడవెక్కాలి. మధ్యలో ఏడుపొస్తే ఏడవడానికని పది నిమిషాలు విడిగా తీసిపెట్టుకుంది కూడా.

మా సులుగాన్ దీవిలో ముప్ఫై ఎనిమిదేళ్ళు కాన్పులు చేసిన నర్సమ్మ ఆవిడ. ఉద్యోగం అయిపోయాక, ఎక్కడో తిమోర్ కొండల్లో ఆడపిల్లలకు కాన్పు చేయడం నేర్పడానికి రెండేళ్ళు వెళ్తానని దరఖాస్తు పెట్టింది. జీతం లేదు. తిండి పెడతారు, పడుకోవడానికి గది ఇస్తారు. రెండుసార్లు వద్దన్నవాళ్ళు మూడోసారి రమ్మన్నారు. అరవై రెండు నిండినవాళ్ళను తీసుకోరు, ఆవిడకు వచ్చే నెలలో నిండుతాయి. ఆ సాయంత్రం నాలుగింటిలోగా సెబూ పట్నంలోని ఆఫీసులో కాయితాలు ఇవ్వకపోతే ఆ చోటు జాబితాలో తర్వాతి పేరుకు పోతుంది. పదింటికల్లా సముద్రం వెనక్కి తీస్తుంది, ఆపైన నార్సింగ్ పడవ సాయంత్రం దాకా బురదలో కూర్చుంటుంది.

ఆ కాయితాల్లో ఆఖరిది దగ్గరి బంధువు సమ్మతి పత్రం. దగ్గరి బంధువంటే ఒకే ఇంట్లో ఉంటున్న అన్న ఎల్పీడ్యో ఒక్కడే. డెబ్బై ఏళ్ళవాడు, పెళ్ళి చేసుకోవడం మరిచిపోయినవాడు, నోట్లో నాలుగు పళ్ళవాడు. చెల్లెలు వెళ్తానన్న రోజు నుంచి వెళ్ళమనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఆ పత్రం నెల్లాళ్ళుగా ఫెలీసా గౌను జేబులో మడతలు పడి ఉంది. అడగడానికి నోరు రాక, ఆఖరి రోజు కాఫీ తాగుతూ అడుగుదామని వాయిదా వేసుకుంది.

ఆ తెల్లవారుజామున ఆవిడకో కల వచ్చింది. కలలో ఇల్లు లేచి నడుస్తోంది. వెదురు గోడలు, ఆకుల కప్పు, కిటికీలో కూర్చున్న పిల్లి, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. కింద మాత్రం బోలెడన్ని కాళ్ళు. ఇల్లు తీరిగ్గా, ఎవరినో వెతుక్కుంటున్నట్టు, సముద్రం వైపు వెళ్తోంది. మెలకువ వచ్చేసరికి కిటికీ బయట సముద్రమూ ఆకాశమూ ఒకే పాలరంగులో కలిసిపోయి, ఏది ఎక్కడ మొదలవుతుందో తెలియకుండా ఉంది. తను ఇంకా కలలోనే ఉన్నానేమో అనుకుంది ఫెలీసా. పెరట్లో ఎవరో వెల్లుల్లి వేయిస్తున్న వాసన వచ్చాక, కాదనుకుంది.

ఇంటి ముందు నలభైమంది ఉన్నారు.

"నేను ఎవరికీ చెప్పలేదే," అంది ఫెలీసా.

"నువ్వు చెప్పలేదక్కా. మీ అన్నయ్య చెప్పాడు," అంది పక్కింటి సలూద్ గరిటె ఊపుతూ. "అదీ ఎవరికీ చెప్పొద్దనే చెప్పాడు. నేనూ ఎవరికీ చెప్పొద్దనే అందరికీ చెప్పాను."

"ఎనిమిదింటికి పడవ ఉందే తల్లీ."

"ఉండనీ. పడవ నడిపేవాడు తినకుండా ఎక్కడికి పోతాడు? అదుగో, మొదటి వరసలో కూర్చున్నాడు."

నార్సింగ్ తలెత్తి మర్యాదగా నవ్వాడు. నోట్లో ఎండుచేప ఉంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి. మా దీవిలో ఎవరైనా ప్రయాణమై గడప దాటేటప్పుడు ఇంట్లో ఇంకెవరైనా తింటూ ఉంటే, తినేవాళ్ళు తమ కంచాన్ని ఒక్క చుట్టు తిప్పాలి. అప్పుడే వెళ్ళినవాళ్ళు క్షేమంగా చేరతారు. ఇది నమ్మకం కాదు, అనుభవం. వెనకటికి ఓస్టింగ్ అనేవాడు ఉప్పు కొనుక్కొస్తానని అవతలి దీవికి బయల్దేరాడు. అత్తవారింట్లో అందరూ తింటున్నారు, ఒక్కరూ కంచం తిప్పలేదు. పూట ప్రయాణానికి వెళ్ళిన మనిషి పదకొండేళ్ళకు తిరిగొచ్చాడు. చేతిలో ఉప్పు ఉంది. తలమీద ఎవరిదో టోపీ ఉంది. ఆ టోపీ ఎవరిదో చచ్చేదాకా చెప్పలేకపోయాడు.

అందుకని మా ఊళ్ళో కంచాలు తిప్పడం అందరికీ వచ్చు. ఆ రోజు వచ్చిన చిక్కల్లా, తిప్పడానికి కంచాలు లేకపోవడమే. ఊరి కంచాలన్నీ అవతలి దీవిలో తిరునాళ్ళకు అరువు వెళ్ళాయి. ఫెలీసా తన ఆరు కంచాలూ ముందురోజే బడికి ఇచ్చేసింది. సలూద్ ఒక్క క్షణం కూడా కంగారుపడలేదు. అరటాకులు కోయించింది. అంతమందికీ సరిపోయే బల్ల కోసం ఫెలీసా ఇంటి తలుపు ఊడదీయించింది, బడి నుంచి నల్లబల్ల తెప్పించింది, నార్సింగ్ పడవకు వేసే పొడుగాటి ఎక్కుడుబల్ల మోయించింది. మూడింటినీ కొసకు కొస కలిపి పరిస్తే, ఆ బల్ల ఇంట్లో పొయ్యి దగ్గర మొదలై, తలుపు లేని గుమ్మంలోంచి బయటికొచ్చి, వాకిలి దాటి జామచెట్టు దాకా సాగింది. దానిమీద ఆకు మీద ఆకు వేసి, ఆ కొస నుంచి ఈ కొస దాకా ఒకటే విస్తరిగా, అన్నం, కాల్చిన చేపలు, పులుపు పట్టించిన పందిమాంసం, ఉడికించిన కర్రపెండలం, పచ్చిమామిడి ముక్కలు గుట్టలుగా పోసింది. ఎవరి ముందున్నది వాళ్ళు చేత్తో తినడమే.

ఆ పొగమంచులో, అరటాకు మీద వేడన్నం వాసనలో, ఫెలీసా బల్ల పొడుగునా నడిచింది. కూర్చున్నవాళ్ళలో ముప్పావువంతు మంది ఆవిడ చేతుల్లోకి తడితడిగా జారినవాళ్ళే. వీడు కాళ్ళు ముందు పెట్టి వచ్చాడు, ఇప్పటికీ ఏ పనైనా అలాగే చేస్తాడు. ఇది పుట్టి గంటసేపు ఏడవలేదు, ఆ తర్వాత ఆపలేదు. ఒక్కొక్క ముఖం వెనక ఒక్కొక్క రాత్రి, ఒక్కొక్క లాంతరు వెలుగూ కనిపిస్తుంటే ఆవిడకు కాలం తెలియలేదు. ఏడవడానికి తీసిపెట్టుకున్న పది నిమిషాలూ అక్కడే ఖర్చయిపోయాయి. జేబులో కాయితం గుర్తొచ్చేసరికి ఎనిమిదిన్నర అయింది.

సంచి భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడింది.

"మరి నేను బయల్దేరతాను. కంచాలు తిప్పండి."

అప్పటికి అరవైకి చేరిన జనం చేతులు ఒక్కసారిగా కిందికి వెళ్ళి, పట్టుకోవడానికి అంచు దొరక్క, ఆగిపోయాయి. అందరూ ఆకువైపు చూశారు. ఆకు ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో కూర్చున్నచోటి నుంచి ఎవరికీ కనబడలేదు.

"నా ముందున్న ముక్క చింపి తిప్పుతాను," అన్నాడు నార్సింగ్.

"చింపితే ప్రయాణం చినుగుతుంది," అంది ఊరిపెద్ద బిబియానా. ఆవిడ ఏ మాటైనా గవర్నమెంటు ఉత్తర్వులా చెబుతుంది. "విస్తరి ఒకటి. కాబట్టి తిప్పాల్సిందీ ఒకటే. బల్ల ఎత్తండి."

పన్నెండుమంది బల్ల ఎత్తారు. అటు జరిపితే ఎడమ ద్వారబంధానికి తగిలింది, ఇటు జరిపితే కుడి ద్వారబంధానికి తగిలింది. గుమ్మంలో ఇరుక్కున్న బల్ల చుట్టూ తిరగదని తెలుసుకోవడానికి పావుగంట పట్టింది.

"ఇల్లు అడ్డమొస్తోంది," అన్నాడొకడు.

"అయితే ఇల్లూ తిప్పండి," అంది బిబియానా.

వినేవాళ్ళకు వింతగా ఉండొచ్చు గానీ, వెదురిళ్ళ కింద బొంగులు దూర్చి, పాతికమంది భుజాలకెత్తుకుని ఇంటిని మరోచోటికి మోసుకుపోవడం మా దీవిలో ఉన్న పనే. పోయినేడు సలూద్ అత్తగారితో పడక, ఇల్లెత్తించుకుని మామిడితోపు అవతలికి పోయింది. అక్కడ గాలి పడక మళ్ళీ ఇవతలికి ఎత్తించుకుంది. అందుకని అందరూ బొంగులు తేవడానికి లేచారు.

"ఒరేయ్, నాకు పడవ పోతుందిరా," అంది ఫెలీసా.

"పడవ కోసమేగా అక్కా ఇదంతా," అన్నారు వాళ్ళు చాలా ప్రేమగా.

ఇల్లు లేచింది. మంచులోంచి కాళ్ళు మాత్రం కనబడుతున్నాయి, బోలెడన్ని కాళ్ళు. కిటికీలో పిల్లి కూర్చునే ఉంది. ఇల్లు మధ్యలో మెల్లగా తిరుగుతుంటే, బయటి బల్ల గడియారం ముల్లులా వాకిలంతా తిరగసాగింది. బల్ల మోసేవాళ్ళు మోస్తున్నారు. తినేవాళ్ళు తమ చోటు ఇంకొకరికి పోతుందేమోనని బల్లతోపాటు పక్కకు నడుస్తూ తింటున్నారు. ఫెలీసా సంచి పట్టుకుని నిలబడిపోయింది. పొద్దున్న కలలో చూసిందే ఇది. ఒక్కటే తేడా, కలలో ఎవరూ ఉప్పు అడగలేదు.

సరిగ్గా సగం తిరిగేసరికి బల్ల కొస వెళ్ళి పందులదొడ్డి కంచెకు ఆనుకుంది. ఇక కదల్లేదు. ఎల్పీడ్యో పెంచుకునే ఆడపంది కంచె మీంచి ముట్టె చాపి కర్రపెండలం అందుకుంది.

"ఇప్పుడు పంది కూడా తింటోంది. అదెలా తిప్పుతుంది?" అని ఎవరో అడిగారు.

"పంది లెక్కలోకి రాదు," అంది బిబియానా. "సగమే తిరిగింది. సగం తిరిగితే మనిషి సగం దారిలో ఆగిపోతుంది. సెబూలోనే ఉండిపోతుంది."

"సెబూ మంచి ఊరే," అన్నాడు ఎల్పీడ్యో. ఆ ఉదయమంతటిలో అతను మాట్లాడిన మొదటి మాట అది. గుమ్మం పక్కన, నార్సింగ్ ఎక్కుడుబల్ల దగ్గర, కాల్చిన చేపతల ముందేసుకుని కూర్చున్నాడు. ఇంటితోపాటు తనూ సగం తిరిగాడు గానీ, తల ఎత్తలేదు.

మోసినవాళ్ళు ఇల్లు దింపారు. ఇప్పుడు గుమ్మం సముద్రం వైపు కాక కొండ వైపు ఉంది. ఇల్లు మోస్తే ఆకలేస్తుంది కదా. పాతికమందీ చేతులు కడుక్కుని బల్ల ముందు కూర్చున్నారు.

"తినకండిరా," అంది ఫెలీసా. "అందరూ తినడం ఆపేస్తే ఏదీ తిప్పక్కర్లేదు, నేను వెళ్ళిపోతాను."

ఈ సులువు ఎవరికీ తోచనందుకు అందరూ కాస్త సిగ్గుపడి, చేతులు ఆకు మీంచి తీశారు. సరిగ్గా అప్పుడు కొండమీది పేట నుంచి కొత్తగా పదిమంది దిగారు. వచ్చినవాళ్ళను రండి తినండి అనకపోవడం మా ఊళ్ళో జరగదు. అన్నాక తినకపోవడం అసలే జరగదు. సలూద్ నోటికి అలవాటైన మాట అననే అంది. పదిమందీ కూర్చున్నారు. వాళ్ళు ముగించేలోగా చర్చి వైపు నుంచి ఆరుగురు. సలూద్ ఈసారి రెండు చేతులతో నోరు మూసుకుంది గానీ, అప్పటికే బిబియానా పిలిచేసింది.

"నీకెందుకొదినా పిలవడం?" అంది సలూద్.

"ఊరిపెద్దను. నేను పిలవకపోతే ఊరి పరువేం కాను?"

అలా ఒకరి నోరు ఆగితే ఇంకొకరి నోరు కదులుతూ, తొమ్మిదిన్నర అయింది. మంచు విడిపోయింది. తీరం దగ్గర తడి ఇసుక ఒక చారలా బయటపడి మెరవడం మొదలైంది. నార్సింగ్ వెళ్ళి చూసొచ్చాడు.

"అక్కా, నీళ్ళు నా మోకాలికి వచ్చాయి. పిక్కకు వస్తే పడవ కదలదు."

ఫెలీసా బల్ల పొడుగునా చూసింది. అంతటా ఖాళీ ఆకు, ముళ్ళు, మామిడి టెంకలు. అందరూ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఒక్క నోరు మాత్రం కదులుతోంది.

వెళ్ళి అన్న పక్కన కూర్చుంది.

"అన్నయ్యా, అయిందా?"

"ముళ్ళున్నాయి. నాకున్నవి నాలుగు పళ్ళు."

ఆవిడ చేపతలకేసి చూసింది. కళ్ళు లేవు, బుగ్గలు లేవు, దవడ తెల్లగా, తోమి ఆరబెట్టినట్టు ఉంది. దానిమీద తినడానికి ఏమైనా మిగిలి చాలాసేపయింది. ఎల్పీడ్యో ఏమీ లేని నోటితో మెల్లగా, శ్రద్ధగా నములుతున్నాడు.

"అందులో ఏముందని?"

"ఉంది."

"ఎవరూ తింటూ లేకపోతే నేను వెళ్ళిపోవచ్చు కదూ."

"వెళ్ళొచ్చు. నేను తింటున్నాను."

ఆవిడకు నవ్వొచ్చింది. నవ్వుతోపాటు, ఖర్చయిపోయిందనుకున్న పది నిమిషాల్లో ఇంకా కొంచెం మిగిలే ఉందని తెలిసింది. ముప్ఫై ఎనిమిదేళ్ళు, ఏ వేళప్పుడు ఎవరు తలుపు తట్టినా, తనకంటే ముందు లేచి లాంతరు వెలిగించి, కాన్పు అయ్యేదాకా వాళ్ళ వాకిట్లో ఆ లాంతరుతో కూర్చున్నవాడు ఈ మనిషి. ఎప్పుడూ ఒక్క మాట అనేవాడు కాదు. వద్దు అనే మాట కూడా ఇలా చేపతలతోనే చెప్పాలి పాపం.

"సరే. తిను. నిన్ను ఆపమనడంలేదు," అంది లేస్తూ. "నార్సింగ్, నీ బల్ల నీకు కావాలి కదా?"

"అది లేకుండా సెబూ రేవులో ఎలా దిగుతామక్కా?"

"అయితే ఎత్తండి. ఆకు కదపకండి, చేపతల కదపకండి. మా అన్నయ్య తింటున్నాడు."

ఆరుగురు ఎక్కుడుబల్ల ఎత్తారు. ఎల్పీడ్యో ఒక్క క్షణం ఆలోచించాడు. నమలడం ఆపితే చెల్లెలు వెళ్ళిపోతుంది. ఆపకూడదంటే చేపతల వెంట వెళ్ళాలి. లేచి, బల్ల అంచు పట్టుకుని, నములుతూ నడిచాడు. వెనక ఊరంతా నడిచింది. ఇసుకలో, ఎండలో, ఎవరూ మాట్లాడకుండా, ఒక అరటాకునూ ఒక చేప ఎముకనూ ఊరేగించుకుంటూ వెళ్తున్న ఆ గుంపును చూసి, ఒడ్డున వల బాగుచేసుకుంటున్నవాళ్ళు ఏదో పండగ మరిచిపోయామనుకుని టోపీలు తీశారు.

బల్లను అలాగే పడవలో పొడుగ్గా పరిచారు. దానిమీద విస్తరి ఉంది కాబట్టి తొక్కి ఎక్కడానికి లేదు. ఇద్దరు కుర్రాళ్ళు ఫెలీసాను భుజాల మీద ఎక్కించుకుని నీళ్ళలో దిగారు.

"ముందు నేను మోశానురా మిమ్మల్ని," అంది ఆవిడ.

"అప్పుడు మేం ఇంత బరువు లేమక్కా."

ఎల్పీడ్యో మోకాలిలోతు నీళ్ళలో నిలబడి, బల్ల కొస వదలకుండా నములుతూనే ఉన్నాడు. నార్సింగ్ మోటారు తిప్పాడు. పడవ కదిలింది. బల్ల కదిలింది. చేపతల కదిలింది. ఎవరు లాగారో, తనే ఎక్కాడో ఎవరూ సరిగ్గా చెప్పలేరు, పడవ లోతు నీళ్ళలోకి వెళ్ళేసరికి ఎల్పీడ్యో అందులో ఉన్నాడు. కాళ్ళకు చెప్పులు లేవు, తలకు టోపీ లేదు. ఒడ్డున సలూద్‌కు దుఃఖం ఆగక, చేతికందిన బియ్యపురొట్టె నోట్లో కుక్కుకుంది.

పడవ ఒడ్డుకు ముక్కు పెట్టి ఉంది కాబట్టి, పగడపు దిబ్బ దాకా వెనక్కే వెళ్ళింది. అక్కడ నార్సింగ్ చుక్కాని నొక్కాడు. పడవ మెల్లగా తిరిగింది. దానితోపాటు బల్ల, బల్లమీద ఆకు, ఆకుమీద చేపతల, చేపతల ముందు ఎల్పీడ్యో, అంతా కలిసి, అద్దంలాంటి నీళ్ళమీద, సరిగ్గా సగం చుట్టు తిరిగి ఆగారు.

ఒడ్డున బిబియానా వేళ్ళు మడిచింది. "ఇంట్లో ఒక సగం. నీళ్ళలో ఒక సగం," అని ప్రకటించింది. "పూర్తయింది."

ఊరు చప్పట్లు కొట్టింది. ఆ శబ్దం నీళ్ళమీద చాలా దూరం వెళ్ళింది.

పడవలో ఎల్పీడ్యో ఆ చప్పట్లు విన్నాడు. ఇక నమలడానికి కారణం లేదు. ఏమీ లేనిదాన్ని మింగాడు. దీవి చిన్నదై, చిన్నదై, ఎవరో నీళ్ళమీద మరిచిపోయిన ఆకుపచ్చ గిన్నెలా అయింది. అతను పుట్టి బుద్ధెరిగాక దాన్ని ఇంత దూరం నుంచి ఎప్పుడూ చూడలేదు.

"ఇంతేనా మన ఊరు," అన్నాడు.

"ఇంతే."

తర్వాత అతను చెయ్యి చాపాడు.

"ఇటివ్వు."

"ఏంటి?"

"నీ జేబులో కాయితం. నెల్లాళ్ళుగా దాచావు. గౌను ఉతికి ఆరేసేది నేనే కదా, నాకు తెలీదనుకున్నావా? ఉతికేముందు తీసి, ఆరాక మళ్ళీ పెడుతున్నదెవరు?"

ఫెలీసా కాయితం తీసింది. నిజమే, ఒక్క చుక్క నీళ్ళ మరక కూడా లేదు.

"సంతకం పెడితే నేను వెళ్ళిపోతాను అన్నయ్యా."

"పెట్టకపోతే ఈ చెప్పులు లేని కాళ్ళతో ఊరికే వచ్చినవాణ్ణవుతాను." చొక్కాకు వేళ్ళు తుడుచుకున్నాడు. "జిడ్డుగా ఉంది. ఏమీ అనుకోరు కదా?"

"అనుకోరు."

నార్సింగ్ వీపు మీద కాయితం పెట్టి, పెద్ద పెద్ద అక్షరాలతో సంతకం చేశాడు. పక్కన బొటనవేలి ముద్ర కూడా పడింది, చేపనూనెతో. నాలుగింటికి పది నిమిషాలుండగా సెబూ ఆఫీసులో గుమాస్తా ఆ కాయితాన్ని ఒకసారి వాసన చూసి, ముద్ర గుద్ది లోపల పెట్టుకున్నాడు. ఫెలీసా ఆ రాత్రే విమానం ఎక్కింది.

దీవిలో అందరూ ఎల్పీడ్యో మర్నాడొస్తాడనుకున్నారు. రాలేదు. మూడోరోజు నార్సింగ్ ఒంటరిగా తిరిగొచ్చి, విమానం వెళ్ళేదాకా చూసొస్తానన్న మనిషి మళ్ళీ రేవులో కనబడలేదన్నాడు. ఇంటిని తిరిగి సముద్రం వైపు తిప్పుదామా అని బిబియానా అడిగితే, ఇంటాయన లేకుండా ఎలా తిప్పుతామని ఎవరూ కదల్లేదు.

తొమ్మిదోరోజు మధ్యాహ్నం, ఊరంతా భోజనాల దగ్గర ఉండగా, ఎవరిదో పడవలోంచి ఎల్పీడ్యో దిగాడు. చేతిలో ఫెలీసా తిమోర్ నుంచి రాసిన ఉత్తరం ఉంది, కాళ్ళకు కొత్త చెప్పులున్నాయి, తలమీద ఎవరిదో టోపీ ఉంది. తన గుమ్మం కోసం ఇంటి చుట్టూ ఒకటిన్నర చుట్లు తిరిగి, కొండవైపు దొరికాక, లోపలికెళ్ళి పడుకున్నాడు.

టోపీ సంగతి ఎవరూ అడగలేదు. సలూద్ మాత్రం ఆ రోజు ఒడ్డున తన నోట్లో ఉన్న బియ్యపురొట్టెను గుర్తుచేసుకుని, ఎవరూ చూడకుండా, తొమ్మిది రోజులు ఆలస్యంగా, తన కంచాన్ని ఒక్క చుట్టు తిప్పింది.